తుపాకీ పేల్చిన వెంటనే చనిపోతున్న నల్లగొండ తమ్ముడికి

తమ్ముడూ, డే జెడ్ అనే ఆన్‌లైన్ జాంబీ ఆటలో చెర్నోగోర్స్క్ పట్టణం చేరి జాంబీని కాల్చిన ప్రతిసారీ కొద్ది నిమిషాల్లోనే మరో ఆటగాడు చంపేస్తున్నాడని రాశావు. తప్పు నీ గురిలో లేదు, చప్పుడులో ఉంది. ఒక్క తూటా పేలితే చుట్టుపక్కల జాంబీలు పరుగెత్తుకొస్తాయి. అంతకంటే ప్రమాదం, దూరాన ఉన్న మనుషులకు నీ జాడ తెలిసిపోవడం. జాంబీ ఒంటరిగా ఉంటే వంగి నడుస్తూ వెనుక నుంచి వెళ్లి కత్తితో పొడువు. కత్తి దొరకకపోతే చిన్న రాళ్లతో రాతికత్తి చేసుకో. దానితోనే చొక్కా కోస్తే గాయానికి కట్టే గుడ్డలూ వస్తాయి. తుపాకీని మనుషుల కోసం దాచుకో.

ఆ పట్టణం ఉన్న ఆట పటం సుమారు 225 చదరపు కిలోమీటర్లు. కొత్తవాళ్లంతా తీరం వెంటే మొదలవుతారు, అందుకే త్వరగా లోపలికి వెళ్లు. కొండ అంచున మాత్రం నిలబడకు. మన దేవరకొండ కోట గోడ మీద నిలబడ్డ మనిషి కింది నుంచి ఎంత స్పష్టంగా కనిపిస్తాడో గుర్తు తెచ్చుకో. వాలు మీద, చెట్ల చాటున నడువు.

దాహమేస్తే చెరువు నీళ్లు తాగకు, కలరా వస్తుంది. మన జిల్లాలో బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ భయం గానీ, ఆటలో ఊరి చేతిపంపు నీళ్లే క్షేమం.