యాప్‌లో పప్పు దొరకలేదని బార్ తింటే ఎలా బుజ్జీ

బుజ్జీ,

ఇంట్లో గోంగూర పప్పు చేసినా తినకుండా ప్రోటీన్ బార్‌తో సరిపెడుతున్నావంట, మీ అమ్మ చెప్పింది. బార్ మీదైతే క్యాలరీల నంబర్ ఉంటుంది, యాప్‌లో రాసుకోవచ్చు, పప్పుకి ఉండదు, అదేగా నీ బాధ. కోప్పడటానికి రాయట్లేదు తల్లీ, ఇన్నేళ్ళు ఆస్పత్రిలో డైట్ చార్టులు రాసినదాన్ని, ఈ క్యాలరీల లెక్క ఎక్కడిదాకా పనికొస్తుందో ఎక్కడ అడ్డం తిరుగుతుందో చూశా కాబట్టి చెప్తున్నా.

లెక్క మొదట్లో మంచిదే. తాలింపులో ఒక్క చిన్న స్పూన్ నూనెకి 45 క్యాలరీలని తెలిస్తే చెయ్యి కాస్త వెనక్కి తగ్గుతుంది కదా. దానికి ఓ రెండు వారాలు రాసుకుంటే చాలు. ఆ తర్వాత కూడా ప్రతి ముద్దా రాస్తూ కూర్చుంటే మెల్లగా లెక్కకి దొరికే తిండి వైపే జరిగిపోతాం. ప్యాకెట్ అయితే స్కాన్ చేస్తే చాలు, అదే బీరకాయ కూరకి నూనె ఎంత పోశారు, నీ కంచంలోకి ఎంత వచ్చింది, ఎవరు తూస్తారు, యాప్‌లో దాల్ అని కొడితే ఒక్కోచోట ఒక్కో నంబర్ చూపిస్తుంది, విసుగొచ్చి ఇంటి కూర మానేసి బిస్కెట్ ప్యాకెట్ తీస్తావు. లెక్క కరెక్ట్‌గా వచ్చిందని తృప్తి, కంచంలోంచి మాత్రం ఆకుకూర పోయింది, పీచు పోయింది, పప్పు పోయింది.

పోనీ ఆ నంబరైనా ఖచ్చితమా అంటే అదీ కాదు. అమెరికాలో లేబుల్ మీద వేసిన దానికంటే 20 శాతం దాకా ఎక్కువున్నా రూల్ ప్రకారం ఒప్పుకుంటారు. బాదం సంగతి చూడు, 28 గ్రాములకి దాదాపు 170 అని లెక్క కట్టేవాళ్ళు, అక్కడి వ్యవసాయ శాఖ సైంటిస్టులు 2012లో మనుషులకి తినిపించి చూస్తే ఒంటికి అందింది 129 మాత్రమే, ఎందుకంటే మనం ఎంత నమిలినా బాదంలో కొవ్వు కొంత విడుదల కాకుండానే బయటికి పోతుంది. నువ్వేమో నంబర్ పెద్దగా ఉందని వేరుశనగలు, నువ్వులు, నెయ్యి అన్నీ మానేశావు.

ఇంకొకటి. యాప్ నీకు రోజుకి 1200 క్యాలరీలు పెట్టింది కదా. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది మగాళ్ళ మీద ఆకలి ప్రయోగం చేశారు, అందులో రోజుకి ఇచ్చింది సుమారు 1570. వాళ్ళు మగాళ్ళు, వారానికి 22 మైళ్ళు నడిచేవాళ్ళు కూడా, నీతో సమానం కాదు నిజమే. కానీ వాళ్ళకి పొద్దస్తమానం తిండి ధ్యాసే పట్టుకుంది, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్ళు. నువ్వు రాత్రి పడుకుని రేపటి లెక్క వేసుకుంటున్నావంటే అది నీకు కంట్రోల్ లేకపోవడం కాదమ్మా, ఒంటికి చాలక అడుగుతోంది.

ఇప్పుడేం చెయ్యాలంటే, ఒక నెల యాప్ పక్కన పెట్టు. కంచం చూసుకో చాలు. సగం కూర, ఆకుకూర, పండు ఉండాలి, మన తార్నాక ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2024 గైడ్‌లైన్స్‌లో చెప్పింది కూడా అదే. మిగతా సగంలో అన్నమో జొన్న రొట్టో కొంత, పప్పో గుడ్డో చేపో కొంత, పక్కన పెరుగు. అన్నం ఒకేసారి గుట్టగా పెట్టుకోకుండా కూర ముందు వడ్డించుకో, ఈ ఒక్క అలవాటుతోనే నా దగ్గరికొచ్చిన చాలామందికి అన్నం తగ్గింది. నిదానంగా తిను, ఫోన్ చూస్తూ వద్దు. బరువు వారానికోసారి చూసుకో, రోజూ ఎక్కితే నీళ్ళకీ ఉప్పుకీ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

ఇన్సులిన్ వేసుకునే షుగర్ పేషెంట్లకి డాక్టర్ చెప్పిన లెక్క వేరు, అది మానకూడదు, ఇది చదివి మీ నాన్నని కూడా లెక్క మానెయ్యమని చెప్పేవు సుమా.

పీరియడ్స్ తప్పుతున్నా, జుట్టు బాగా ఊడుతున్నా, నలుగురిలో తినాలంటే భయమేస్తున్నా, తిన్నాక వాంతి చేసుకోవాలనిపించినా దాచకు. ముందు నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా సరే, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికెళ్దాం, నీ పక్కన నేనుంటా. మీ అమ్మకి నేనే చెప్తాలే. ఈ ఆదివారం మాత్రం వాళ్ళతో కూర్చుని ఆ పప్పు తిను, ఏమీ తూయకుండా.

పెద్దమ్మ