కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ గురించి పదకొండో తరగతి పిల్లవాడికి ఎలా చెప్పాలి?

అమెరికాలో పదకొండో తరగతి చదువుతున్న మీ అబ్బాయికి ఫైనాన్షియల్ ఎయిడ్ గురించి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలని అడిగారు. ఫారాలతో మాత్రం మొదలుపెట్టకండి. కాలేజీ ఎంత ఎయిడ్ ఇస్తుందో రాసి పంపే ఆఫర్ లెటర్ పాతది ఒకటి తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చి, అందులో తిరిగి కట్టనవసరం లేని డబ్బు ఏదో, కట్టవలసిన అప్పు ఏదో పెన్సిలుతో గుర్తించమని అతనికే ఇవ్వండి. కొన్నేళ్లుగా హైస్కూల్ పిల్లలకు ఈ దరఖాస్తుల్లో సాయపడుతున్న అనుభవంతో చెబుతున్నాను, ఈ పని చేతనైన పిల్లలకు మిగతాది పెద్ద కష్టం కాదు.

ఒక మిత్రుడి కూతురు రెండు లెటర్లు తెచ్చి, "అంకుల్, ప్రైవేటు కాలేజీ 48,000 డాలర్లు ఇస్తోంది, స్టేట్ యూనివర్సిటీ 13,500 మాత్రమే ఇస్తోంది" అని సంబరపడింది. పెన్సిలు ఆమెకే ఇచ్చాను. ఆ 48,000లో స్కాలర్‌షిప్ 18,000. తక్కినదాంట్లో 5,500 ఆమె పేరు మీద అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ అప్పు, 2,500 క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకోవలసిన వర్క్ స్టడీ, 22,000 తల్లిదండ్రులు తీసుకోవలసిన పేరెంట్ ప్లస్ లోన్. ఆ కాలేజీ మొత్తం ఖర్చు 66,000, అందులో 18,000 స్కాలర్‌షిప్ పోగా ఏడాదికి 48,000 ఇంటివారే ఏదో ఒక రూపంలో భరించాలి. స్టేట్ యూనివర్సిటీ ఖర్చు 31,000, అది ఇస్తానన్న 13,500లో తిరిగి కట్టనవసరం లేని గ్రాంటు 8,000, అంటే ఇంటి మీద పడేది 23,000. తీసివేత పూర్తయ్యాక ఆ అమ్మాయి, "మరి అప్పును కూడా ఎయిడ్‌లో ఎందుకు కలిపి రాశారు?" అని అడిగింది. కాలేజీలు సమాధానం చెప్పవలసిన ప్రశ్నే అది.

"మన జీతాలకు ఏమీ రాదు, ఫాఫ్సా నింపడం దండగ" అని మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. ఫాఫ్సా అంటే ఫెడరల్ ఎయిడ్‌కు పెట్టుకునే దరఖాస్తు ఫారం. ఆదాయం ఎంత ఉన్నా విద్యార్థి పేరు మీద వచ్చే ఫెడరల్ అప్పుకు ఆ ఫారం తప్పనిసరి, చాలా కాలేజీలు తమ సొంత గ్రాంట్లకూ దానినే అడుగుతాయి. అది ఉచితం కాబట్టి నింపిపెడతామని డబ్బు తీసుకునే కన్సల్టెంట్ల దగ్గరికి వెళ్లకండి. పిల్లవాడు అమెరికా పౌరుడైతే మీరు హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నా దరఖాస్తు చేసుకోవచ్చు. హెచ్‌-4 డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలకు మాత్రం ఫెడరల్ ఎయిడ్ లేదు. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే తల్లిదండ్రులు భరించవలసిన వాటాను వారి మధ్య పంచే ఫాఫ్సా పాత లెక్కను 2024–25 నుంచి ఎత్తేశారు, కవలలున్న ఇళ్లకు ఇది అన్యాయమని నా అభిప్రాయం.

మీరు వెంటనే గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఫాఫ్సా రెండేళ్ల కిందటి ఆదాయాన్ని చూస్తుంది కనుక, మీ అబ్బాయి పదో తరగతిలో ఉన్న జనవరి నుంచి పదకొండో తరగతిలోని డిసెంబరు వరకు మీ ఇంటి ఆదాయమే మొదటి ఏడాది లెక్కకు ఆధారం. ఆ అంకెను పిల్లవాడికి దాచకుండా చెప్పి, కాలేజీల వెబ్‌సైట్లలో ఉండే ఎయిడ్ పోగా ఎంత కట్టాలో అంచనా చూపే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో అతని చేతనే వేయించండి. క్యాంపస్‌లు చూడడానికి బయలుదేరక ముందే ఈ పని పూర్తి కావాలి.