టెక్ సందేహాలు: నలుగురు కలిసి ఒకే యాప్ రాస్తుంటే

ప్రశ్న: నలుగురం కలిసి ఫ్లటర్‌లో (ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ ఒకే కోడ్‌తో యాప్‌లు చేసే టూల్) యాప్ తయారు చేస్తున్నాం. కోడ్‌ని జిప్ ఫైళ్లుగా పంపుకుంటున్నాం. ఒకరు రాసింది ఇంకొకరి ఫైలుతో చెరిగిపోతోంది. పైగా ఒకరి దగ్గర నడిచేది మరొకరి దగ్గర ఎర్రర్ ఇస్తోంది.

జవాబు: జిప్ ఫైళ్లు ఈరోజే ఆపేయండి. గిట్ నేర్చుకోండి. లైనక్స్ కెర్నల్ కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ టూల్ ఉచితం. ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో అందులో ఉంటుంది. మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే అందరి కోడ్ కలిసే అసలు కాపీలోకి, ఎవరూ నేరుగా పుష్ చేయకూడదన్నది (కోడ్ పంపకూడదన్నది) మీ మొదటి నియమం కావాలి. ఎవరి పని వాళ్ల బ్రాంచ్‌లో (విడి కాపీలో) చేసి పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు కలపండి అనే అభ్యర్థన) పెట్టాలి, మరొకరు చదివాకే మెర్జ్ చేయాలి (మెయిన్‌లో కలపాలి). బ్రాంచ్‌ని ఒకటి రెండు రోజులకు మించి నాననివ్వకండి. వారాల తరబడి విడిగా ఉన్న కోడ్‌ని కలపబోతే కాన్‌ఫ్లిక్ట్‌లతోనే (ఒకే చోట ఇద్దరి మార్పులు ఢీకొనడం) పొద్దుపోతుంది.

ఆ ఎర్రర్లకు కారణం చాలావరకు ఫ్లటర్ వెర్షన్ తేడాయే అయి ఉంటుంది. ఎఫ్‌వీఎమ్ అనే టూల్‌తో అందరూ ఒకే వెర్షన్‌కి రండి. పబ్‌స్పెక్ లాక్ ఫైలుని (యాప్ వాడే బయటి ప్యాకేజీల వెర్షన్లు రాసి ఉండే ఫైలు) కూడా గిట్‌లో పెడితే ప్యాకేజీలూ అందరికీ ఒకటే వస్తాయి. కీస్టోర్‌ని (యాప్‌కి సంతకం చేసే కీ ఉండే ఫైలు), పాస్‌వర్డ్‌లని మాత్రం గిట్‌లో పెట్టొద్దు. ఒకసారి కమిట్ చేశాక (గిట్‌లో సేవ్ చేశాక) ఫైలు తీసేసినా పాత హిస్టరీలో అవి అలాగే ఉంటాయి.

ప్రశ్న: మ్యాక్ లేకుండా ఐఫోన్ యాప్ బిల్డ్ చేయొచ్చా?

జవాబు: ఐఫోన్ యాప్‌లు బిల్డ్ చేసే యాపిల్ టూల్ ఎక్స్‌కోడ్ మ్యాక్ మీదే నడుస్తుంది. సొంత మ్యాక్ లేకపోతే కోడ్‌మ్యాజిక్ లాంటి సర్వీసులు క్లౌడ్‌లోని మ్యాక్ మీద బిల్డ్ చేసిపెడతాయి.

ప్రశ్న: ప్లే స్టోర్‌లో అప్‌డేట్ ఇచ్చాక కొన్ని ఫోన్లలో యాప్ క్రాష్ అవుతోంది. పాత వెర్షన్‌కి వెనక్కి తేవడం ఎలా?

జవాబు: అప్‌డేట్ అయిపోయిన ఫోన్‌ని ప్లే స్టోర్ పాత వెర్షన్‌కి దించదు. తప్పు సరిదిద్ది, ఇంకా పెద్ద వెర్షన్ కోడ్‌తో (ప్రతి బిల్డ్‌కీ ఇచ్చే అంకె) కొత్త బిల్డ్ ఇవ్వాల్సిందే. ముందు ఆ పని చేయండి.

ఇకమీదట స్టేజ్డ్ రోలవుట్ వాడండి. మొదట 5 శాతం మందికే వదిలి, క్రాష్‌లిటిక్స్‌లో (క్రాష్‌లను నమోదు చేసే టూల్) రిపోర్టులు చూస్తూ పెంచండి. తేడా కనిపిస్తే అక్కడే ఆపేయొచ్చు. యాపిల్ దగ్గరా ఫేజ్డ్ రిలీజ్ ఉంది. ఆటోమేటిక్ అప్‌డేట్లను 1 శాతంతో మొదలుపెట్టి 7 రోజుల్లో అందరికీ పంపుతుంది. పెద్ద ఫీచర్ అయితే దానికి రిమోట్ కాన్ఫిగ్‌తో (యాప్ సెట్టింగులను సర్వర్ నుంచే మార్చే సర్వీసు) ఒక స్విచ్ పెట్టండి. అప్పుడు కొత్త బిల్డ్ లేకుండానే ఆ ఫీచర్ ఒక్కదాన్నే ఆపొచ్చు. కాకపోతే స్విచ్ ఆపినప్పుడు యాప్ సరిగా నడుస్తోందో లేదో రిలీజ్‌కి ముందే పరీక్షించి పెట్టుకోండి.