తామర మందులకు లొంగడం లేదు, మొక్కల నుంచి కొత్త మందు వస్తుందా?

నర్సంపేట నుంచి ఒకరు అడిగారు: వాళ్ల నాన్నకు ఏడాదిగా గజ్జల్లో తామర, ట్యూబ్ రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. మొక్కల్లోని పదార్థాలను చూసి ల్యాబుల్లో కొత్త ఫంగస్ మందులు చేస్తున్నారట, అవి ఎప్పుడొస్తాయి, అప్పటిదాకా తంటెం మొక్క గింజలు నూరి రాయొచ్చా అని.

హనుమకొండలో పీహెచ్‌డీ పేరుతో నేను ఐదేళ్లు చేసింది ఈ పనే. అదే సమయంలో ఇంట్లో మా బాపుకు ఇదే తామర. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

ముందు ఆ ట్యూబ్ సంగతి. మా బాపుకు మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అని ఉంది. అది స్టెరాయిడ్. దురద రెండ్రోజుల్లో ఆగుతుంది, ఎరుపు పోతుంది, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పాకుతుంది. కెమిస్ట్రీ చదివిన కొడుకు ఇంట్లో ఉండీ ఆర్నెల్ల దాకా ఆ అక్షరాలు చదవలేదు, అది వేరే సిగ్గు.

స్టెరాయిడ్ మానేసినా కొందరికి తగ్గకపోవడానికి ఇంకో కారణం ఉంది. మన దేశంలో ఇప్పుడు బాగా కనిపిస్తున్న తామర ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు. టెర్బినాఫిన్ మాత్ర వెళ్లి పట్టుకోవాల్సిన ఎంజైమ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందుకు అక్కడ పట్టు దొరకదు. ఈ ఫంగస్‌లో చాలావాటికి ఆ మార్పు ఉంటోంది. ఇంకో మాట. మన మిర్చి చేన్లలో కాయకుళ్లుకు కొట్టే టెబుకొనజోల్, వరిలో పాముపొడకు కొట్టే హెక్సాకొనజోల్, డాక్టర్ రాసే ఇట్రాకొనజోల్ అన్నీ ఒకే కుటుంబం. ఊపిరితిత్తులకు పట్టే ఆస్పర్జిల్లస్ అనే బూజు మందులకు మొండికేయడానికి పొలాల్లోని ఈ మందులు కూడా ఒక కారణమని తేలింది. తామరకు అదే కారణమని నేననడం లేదు.

ఇక తంటెం. సంస్కృతంలో దాన్ని దద్రుఘ్న అంటారు, అంటే తామరను చంపేదని. పేరు ఊరికే రాలేదు. దాని గింజల్లో క్రైసోఫానిక్ ఆమ్లం ఉంటుంది. దానికి దగ్గరి పదార్థాలే ఉన్న గోవా పౌడర్‌ను మన దేశంలో తామరకు వాడేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పొడి సరుకు అందక, 1916లో జర్మనీలో దాని నమూనాతో డైత్రనాల్ తయారుచేశారు. మొక్కను చూసి మందు చేయడం అంటే ఇదే. చమత్కారం ఏమిటంటే, అది స్థిరపడింది తామరకు కాదు, సోరియాసిస్‌కు.

నేను చేసినవి చాల్కోన్లు. అతిమధురం వేరులో ఈ జాతి పదార్థాలుంటాయి. రాత్రంతా పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కలియబెట్టి, పొద్దున్నే ఐసు మీద పోసి కాస్త ఆమ్లం కలిపితే పసుపు రంగు పొడి కిందికి దిగుతుంది. అక్కడ ఒక క్లోరిన్, ఇక్కడ ఒక మిథాక్సీ మారుస్తూ ఇరవైకి పైగా చేశాను. వాటిని 96 గుంటల ప్లేటులో, గుంట గుంటకు సగం చేసుకుంటూ పోసి, మందులకు లొంగని క్యాండిడా అనే ఇంకో ఫంగస్ వేసి, 35 డిగ్రీల్లో ఒక రోజు ఉంచుతాం. ఫంగస్ పెరిగిన గుంట అడుగున గంజి పేరుకున్నట్టు తెల్లగా కనిపిస్తుంది. డాక్టర్లు రాసే ఫ్లూకోనజోల్ వరసలో మిల్లీలీటరుకు 64 మైక్రోగ్రాముల దగ్గర కూడా గంజే. నా పదకొండో నంబర్ వరసలో మాత్రం 4 మైక్రోగ్రాముల దాకా నీళ్లలా తేటగా ఉంది. ఆ రోజు ల్యాబులో అందరికీ సమోసాలు నావే.

వారం తర్వాత అదే పొడిని ఎర్ర రక్తకణాల మీద వేశాం. దాదాపు అదే మోతాదులో కణాలు పగిలి, ట్యూబులో నీళ్లన్నీ ఎర్రబడ్డాయి.

చిక్కంతా ఇక్కడే. బ్యాక్టీరియా మనకు చాలా దూరం, ఫంగస్ కణం మాత్రం మన కణానికి దగ్గరి చుట్టం. దాని పొరలో ఎర్గోస్టెరాల్, మన పొరలో కొలెస్టరాల్, రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. 2021లో బ్లాక్ ఫంగస్ అప్పుడు జనం ఊరూరా వెతికిన ఆంఫోటెరిసిన్ కిడ్నీలను దెబ్బతీసేది కూడా ఈ పోలిక వల్లే. ఫంగస్‌ను చంపే పొడి ఎవరైనా చేస్తారు, మనిషిని వదిలేసేది చేయడమే కష్టం. పదకొండో నంబర్‌కు మార్ఫోలిన్ అనే చిన్న రసాయన ముక్క తగిలించి చూశాను. రక్తకణాలు బతికాయి, నీళ్లలో కరగడమూ మెరుగైంది, కానీ ఫంగస్‌ను ఆపడానికి ఇప్పుడు 4 బదులు 32 మైక్రోగ్రాములు కావాలి. పరిశోధన పేపర్ అయితే వచ్చింది. పొడి ఫ్రిజ్‌లో ఉంది.

కాబట్టి ఎప్పుడొస్తాయంటే, మీ నాన్న తామరకు మాత్రం వీటి కోసం ఆగొద్దు. తంటెం కూడా వద్దు. మా బాపు గింజలు మజ్జిగలో నూరి రాసుకుంటే, స్టెరాయిడ్‌తో పలచబడ్డ చర్మం మంటెక్కి రెండ్రోజులు పంచె కట్టుకోలేకపోయాడు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మం ఓపీకి తీసుకెళ్లండి. గీకి తీసిన పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి చూస్తారు, నేను ల్యాబులో వాడిందే. మాత్రలు వాళ్లు చెప్పినన్ని వారాలు వేయించండి, దురద తగ్గిందని మధ్యలో ఆపనివ్వొద్దు. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి, టవల్ వేరు చేయండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.