ఎంఆర్‌ఐలో ‘డిస్క్ బల్జ్’ అని వచ్చింది.. ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. టైలరింగ్ చేస్తాను. మూడు వారాల కిందట బియ్యం బస్తా ఎత్తబోతే నడుం పట్టేసింది. అప్పట్నుంచి నొప్పి కుడి పిరుదులో మొదలై పిక్క దాకా లాగుతోంది. దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినంత పనవుతోంది. ఎంఆర్‌ఐ తీయిస్తే ఎల్‌4–ఎల్‌5 దగ్గర డిస్క్ బల్జ్ అని రాశారు. ఆపరేషన్ చేయించుకోకపోతే కాళ్లు పడిపోతాయని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, కరీంనగర్

డాక్టర్ సలహా: ముందు ఆ ఫిల్మును కవర్లో పెట్టి బీరువాలో దాచేయండి. నడుం నొప్పి ఊసే లేనివాళ్లకు ఎంఆర్‌ఐ తీసినా, నలభై ఏళ్ల వయసులో దాదాపు సగం మందికి డిస్క్ బల్జ్ కనిపిస్తుంది. కాబట్టి ఆ మాట చూసి ఆపరేషన్ దాకా వెళ్లక్కర్లేదు.

వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ వెనక్కి ఉబ్బి, కాల్లోకి దిగే నరాన్ని ఒరుసుకుంటే నొప్పి కిందికి పాకుతుంది. దీన్నే సయాటికా అంటాం. మీ లక్షణాలు అలాగే ఉన్నాయి. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఇది బాగా తగ్గిపోతుంది. డిస్క్ ఉబ్బు కూడా చాలాసార్లు దానంతటదే కుంచించుకుపోతుంది.

నాకు ఫిల్ము కన్నా మీ పాదం ముఖ్యం. గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వేయండి. కుడి పాదం ముందుభాగం పైకి లేవడం లేదా? నడుస్తుంటే ఆ కాలి చెప్పు జారిపోతోందా? అయితే నరం బలం తగ్గుతున్నట్టే, వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి. ‘చెప్పు పాతదైపోయింది సార్’ అని కొత్త జత కొనుక్కుని, అదీ జారాక ఓపీకి వచ్చేవాళ్లున్నారు.

ఇంకో విషయం సిగ్గుపడి ఎవరూ చెప్పరు. మూత్రం వస్తున్నట్టే ఉండి రాకపోవడం, తెలియకుండా పోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, కడుక్కునేటప్పుడు అక్కడ స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రైనా సరే, వెన్నెముక ఆపరేషన్లు చేసే ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ ప్రతి గంటా లెక్కే.

సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని నొప్పి ఉంటే అది వేరే కథ. వెన్నెముక టీబీ మన దగ్గర అరుదేమీ కాదు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, జారిపడిన పెద్దవయసువాళ్లు కూడా నడుం నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇవేవీ లేకపోతే మంచం దిగండి. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే నడుం ఇంకా బిగుసుకుపోతుంది. ఇంట్లోనే అటూ ఇటూ నడవడంతో మొదలుపెట్టి రోజూ కాస్త పెంచండి. మిషన్ ముందు అరగంటకోసారి లేవండి. గుడ్డ నేల మీద పరిచి వంగి కత్తిరించే అలవాటుంటే బల్ల మీదికి మార్చండి. తొక్కే మిషనైతే కొన్నాళ్లు మోటారు పెట్టించుకోండి.

డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వారాల తరబడి మింగొద్దు. బీపీ, కిడ్నీ సమస్య, అల్సర్ ఉంటే అసలే ప్రమాదం. డాక్టర్ ఒకసారి మీ కాలు పరీక్షించాక, ఆయన చెప్పినన్ని రోజులే, అన్నం తిన్నాక వేసుకోండి. బెల్టు ప్రయాణాలకు పెట్టుకుంటే చాలు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తొక్కించుకోమని ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నరం ఒత్తుకుని ఉన్నప్పుడు ఆ సాహసం వద్దు.

ఆరు వారాలు దాటినా కాలి నొప్పి ఇంతే ఉంటే స్పైన్ స్పెషలిస్టును కలవండి. నరం దగ్గర ఇంజెక్షనా, ఆపరేషనా అనేది అప్పుడు మాట్లాడొచ్చు. బీరువాలోని ఆ ఫిల్మును ఆ రోజు తీసుకెళ్లండి.