టెక్సాస్, కాలిఫోర్నియా హైస్కూల్ ఫుట్‌బాల్: ఎలా పోల్చాలి?

జాతీయ ర్యాంకింగులు ఎన్ని చూసినా హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో టెక్సాస్ గట్టిదా, కాలిఫోర్నియా గట్టిదా తేలడం లేదన్నారు కదా అన్నా. వాటిలో పైనుండే నాలుగైదు జట్లను బట్టి రాష్ట్రాన్ని అంచనా వేయకండి. కాలిఫోర్నియాలో పేరు మోగే మేటర్ డే, సెయింట్ జాన్ బాస్కో రెండూ ప్రైవేటు క్యాథలిక్ స్కూళ్లు, ఒకే ట్రినిటీ లీగ్‌లో ఆడతాయి. దూరం నుంచి కూడా పిల్లలు వచ్చి చేరతారు. టెక్సాస్‌లో స్కూళ్ల ఆటలు నడిపే సంస్థ యూఐఎల్ పోటీల్లో దాదాపు అన్నీ ప్రభుత్వ స్కూళ్లే, ఎక్కువగా ఆ స్కూల్ పరిధిలో ఉండే పిల్లలే ఆడతారు. అయినా డాలస్ శివారు అలెన్‌లో హైస్కూల్ జట్టుకే 18,000 సీట్ల స్టేడియం ఉంది! నన్నడిగితే పైస్థాయిలో కాలిఫోర్నియా, లోతులో, అంటే కింది స్థానాల్లోనూ మంచి జట్లుండటంలో, టెక్సాస్. రెండు చోట్లా యాభయ్యో స్థానం చుట్టుపక్కల జట్ల ఆటలు చూడండి, తేడా మీకే తెలుస్తుంది.