ఆ నలుగురి పేర్లేమిటమ్మా?

బోల్టన్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం, క్లుప్తంగా: "మాది గుంటూరు జిల్లా. పెళ్లయి 37 ఏళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాను. మామగారు 1964లో ఇక్కడికి డాక్టరుగా వచ్చారు. అప్పటికి మావారికి నాలుగేళ్లు. ఆయనకు కుర్రతనంలో విగన్ అనే ఊళ్లో ఏదో పాటల క్లబ్బు పిచ్చి ఉండేది. ఆ స్నేహితుల్లో ఏడాదిన్నరలో నలుగురు పోయారు. అందరి అంత్యక్రియలకూ వెళ్లారు. మొన్న జూన్‌లో అయితే, శవపెట్టె బయటికి తీసుకెళ్తుంటే పాట వేసి చప్పట్లు కొట్టారట! ఆ రాత్రి మా వంటింట్లో పౌడరు చల్లుకుని ఈయన ఒక్కరే డాన్సు చేశారు. తుడుచుకోలేక చచ్చాను. మాఘంలో మా అబ్బాయి పెళ్లి. వియ్యాలవారికి పట్టింపులు ఎక్కువ. ఇలా చావు ఇళ్ల చుట్టూ తిరిగితే మైల కాదా? గరాజు నిండా ఉన్న ఆ రికార్డులు అమ్మేయమంటే తప్పా?"

అమ్మా,

మైల సంగతి ముందు తేల్చేస్తాను. స్నేహితుడు పోతే మీ ఇంటికి మైల లేదు. వెళ్లొచ్చి తలస్నానం చేస్తే సరిపోతుంది. ఈ విషయం వియ్యాలవారికి చెప్పాల్సిన పనీ లేదు, దాచాల్సిన పనీ లేదు. దాని గురించి ఇంక ఆలోచించకండి.

నన్ను పట్టి కుదిపింది వేరే ఉంది. మీ ఉత్తరం ఆరు పేజీలు. అందులో వియ్యాలవారి ఇంటిపేరు ఉంది, గోత్రం ఉంది, కల్యాణమండపం అద్దె ఉంది. పోయిన నలుగురిలో ఒక్కరి పేరు కూడా లేదు. "ఆ పొడుగాయన", "లారీ నడిపేవాడు", "ఇంకొకడు", "ఆ తాగుబోతు బ్యాచీ". మీ ఆయనకు యాభై ఏళ్ల స్నేహితులమ్మా వాళ్లు. మీరు కాపురానికి రాకముందు నుంచీ ఉన్నవాళ్లు.

మీ ఉత్తరం వచ్చాక పది రోజులు ఆ క్లబ్బు గురించే చదివాను, ఆ పాటలు విన్నాను. మీరు ఒక్కసారైనా ఆ పని చేసి ఉంటే తాగుబోతులు అనేవారు కాదు. విగన్ క్యాసినో అనే ఆ డాన్సు హాల్లో శనివారం అర్ధరాత్రి దాటాక మొదలై ఆదివారం పొద్దున 8 దాకా పాటలు నడిచేవి. ఆ రాత్రుళ్లు అక్కడ మందు అమ్మేవాళ్లే కాదు. నిద్ర రాకుండా మాత్రలు మింగిన కుర్రాళ్లు ఉన్నారు, వాటివల్ల చెడిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ మాట కాదనను. కానీ ఎక్కువమంది వచ్చింది పాట కోసం. వారమంతా ఫ్యాక్టరీల్లో, గనుల్లో ఒళ్లు హూనం చేసుకున్న పిల్లలు చేతిసంచిలో ఒక జత బట్టలు, ఒక పౌడరు డబ్బా పెట్టుకుని ఊళ్లు దాటి వచ్చేవారు. తోలు అడుగున్న బూట్లు నున్నగా జారాలని నేల మీద పౌడరు చల్లుకునేవారు. మీరు తుడుచుకున్న పౌడరు అదే.

ఆ పాటలు ఎవరివో తెలుసా? డెట్రాయిట్, చికాగో లాంటి ఊళ్లలో 1960లలో ఎక్కువగా నల్లజాతి గాయకులు పాడినవి. వాటిలో చాలా భాగం అప్పట్లో అక్కడే అమ్ముడుపోక మూలన పడ్డాయి. వాటిని వెతికి తెచ్చుకుని నెత్తిన పెట్టుకున్నది ఉత్తర ఇంగ్లండు కుర్రాళ్లు. డేవ్ గోడిన్ అనే ఆయన ఒక పత్రికలో రాస్తూ 1970లో ఆ పాటల ధోరణికి నార్తర్న్ సోల్, అంటే ఉత్తరాది సోల్ సంగీతం, అని పేరు స్థిరం చేశాడు. అమ్మేయమనే ముందు ఒక సంగతి వినండి. 1965 నాటి ఫ్రాంక్ విల్సన్ రికార్డు ఒకటి 2009లో 25 వేల పౌండ్ల పైన పలికింది. మీ గరాజులో అంత ఖరీదైనది ఉందని కాదు, అది చెత్త కాదని చెబుతున్నాను. వాటి జోలికి వెళ్లకండి.

క్యాసినోలో ప్రతి రాత్రీ చివర వరసగా అవే మూడు పాటలు వేసేవారు. ఎనిమిదికి ముందు మూడు అని వాటికి పేరు. టోబీ లెజెండ్‌ది ఒకటి, జిమ్మీ రాడ్‌క్లిఫ్‌ది ఒకటి, డీన్ పారిష్‌ది ఒకటి. కాలం నిన్ను దాటి వెళ్లిపోతుంది అని ఒకటి, ఈ రాత్రి అయిపోయాక చాలాకాలం తర్వాత కూడా అని ఒకటి, నేను బయల్దేరాను అని ఇంకొకటి. అవి విన్నాక లైట్లు వేసేవారు, ఇళ్లకు పోయేవారు. ఆ హాల్లో వందలమంది పాట నడకకు ఒకేసారి చప్పట్లు చరిచేవారు. పెట్టె వెళ్తుంటే చప్పట్లు కొట్టారంటే అది ఎగతాళి అనుకున్నారా? మన దగ్గర భజనలతో సాగనంపమా?

1973 సెప్టెంబరు 23న మొదలైన ఆ రాత్రుళ్లు 1981 డిసెంబరు 6తో ఆగిపోయాయి. మరుసటి ఏడాది భవనం కాలింది, ఆ పై ఏడాది కూల్చేశారు. అక్కడ ఇప్పుడు షాపింగ్ సెంటరు ఉంది, మీరూ వెళ్లే ఉంటారు. ఆయన వెళ్లి తడుముకోవడానికి గోడ కూడా మిగల్లేదు. ఆ రాత్రుళ్లు మనుషుల దగ్గరే మిగిలాయి, ఆ మనుషులు ఒక్కొక్కరే పోతున్నారు.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెబుతాను. మీ ఉత్తరంలో మూడో పేజీలో "ఆ క్లబ్బే లేకపోతే ఈయనా డాక్టరయ్యేవారు అని అత్తగారు చచ్చేదాకా ఏడ్చారు" అని రాశారు. ఐదో పేజీలో మళ్లీ అదే మాట, ఈసారి అత్తగారి పేరు లేకుండా. డాక్టరుగారి అబ్బాయి అని చేసుకున్నారు, ఆయన కరెంటు పని చేసి ఇల్లు నడిపారు. ఆ లోటు మీ అత్తగారు మీకు నగలతో పాటు అప్పజెప్పి పోయారు. మీ కోపం చచ్చిపోయిన ఆ నలుగురి మీద కాదమ్మా, డాక్టరు కాని మీ ఆయన మీద. అప్పు లేకుండా ఇల్లు కట్టి, ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి. ఇంట్లో ఇంకా ఫెయిలైన కుర్రాడే. ఇది నేను ఒప్పుకోను. మీ కష్టం నాకు తెలుసు, పరాయి దేశంలో అత్తగారి మాటే వేదంగా బతికారు. కానీ ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది.

మా నాన్నది పద్యనాటకాల పిచ్చి. తెనాలి చుట్టుపక్కల ఎక్కడ నాటకమున్నా ఆయన, ఆయన స్నేహితుడు ఒక సైకిలు మీద వెళ్లి తెల్లారి వచ్చేవారు. నాన్న పోయిన పదకొండో రోజు ఆ పెద్దాయన వచ్చి, ఫొటో ముందు నిలబడి, చెవి మీద చెయ్యి పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాడు. ఇది నాటకం కాదండీ అని మా బాబాయి ఆపించాడు. ఆయన రెండు పాదాల దగ్గర ఆగిపోయి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అది ఏ నాటకంలోదీ కాదు, నాన్నా ఆయనా కలిసి కట్టుకున్నదట. మా అమ్మ చివరిదాకా ఆ మిగతా రెండు పాదాలు ఏమిటి అని మమ్మల్ని అడిగేది. అప్పటికి ఆయనా లేడు.

మీ అత్తగారు పోయినప్పుడు మంచు పడి బంధువులెవరూ రాలేకపోతే పెట్టెకు భుజం పట్టడానికి వచ్చిన వాళ్లలో ఆ పొడుగాయన ఉన్నాడని మీరే రాశారు, ఒక్క వాక్యంలో, దారిన పోతూ చెప్పినట్టు. పిలవకుండా వచ్చాడు. జూన్‌లో పోయింది ఆయనే. ఇంట్లోవాళ్లకు చేసినట్టు చేసిన మనిషికి మీరు వెళ్లలేదు. మీ ఆయన ఒక్కరే వెళ్లి, ఒక్కరే వచ్చి, వంటింట్లో ఒక్కరే ఆడారు. నేల ఎలా ఉందో రాశారు గానీ ఆయన మొహం ఎలా ఉందో రాయలేదు.

నవంబరులో వాళ్లంతా కలిసి ఆ నలుగురి పేరున ఒక రాత్రి పాటలు పెట్టుకుంటున్నారని, వెళ్లనివ్వొద్దని అనుకుంటున్నానని రాశారు. మీరూ వెళ్లండి. చీరే కట్టుకోండి, మడమ లేని చెప్పులు వేసుకోండి. ఏమీ తెలియకపోతే కుర్చీలో కూర్చుని చూడండి, చాలు. పౌడరు డబ్బా మీ సంచిలో పెట్టుకోండి.

శుభలేఖలు అచ్చయ్యాయన్నారు కదా. మొదటిది పొడుగాయన భార్యకు పంపండి. కవరు మీద పేరు రాయాలి. ఈ రాత్రి అన్నాలయ్యాక ఆ పేరు ఏమిటో ఆయన్నే అడగండి.